తిన్నా తినకపోయినా

ఆ రాత్రి మా చెల్లెలింట్లో పదిన్నర దాకా నడిచిన వాదం గోడ అవతలనుంచి ఎవరైనా వింటే ఏ ఆస్తి పంపకాల గొడవో అనుకుని వుంటారు. కాదండీ. తినబోయే తిండికి డబ్బు ముందే కట్టేద్దామా, ఎక్కడ ఆకలేస్తే అక్కడ కొనుక్కుందామా అన్నదే సమస్య.

2024 ఏప్రిల్‌లో నేనూ మా అమ్మా అమెరికాలో వున్న చెల్లెలి దగ్గరికి వెళ్ళాం. పిల్లలకి బడి సెలవులు. ఫ్లోరిడా రాష్ట్రంలో ఓర్లాండో దగ్గరున్న డిస్నీవరల్డుకి అందర్నీ బయల్దేరదీశారు మా మరిదిగారు. అక్కడి హోటల్లోనే నాలుగు రాత్రులు మకాం. గదితోపాటు 'డైనింగ్ ప్లాన్' అని ఒకటి అమ్ముతారు. మన మెస్సుల్లో నెలకి సరిపడా టికెట్ల పుస్తకం కొనుక్కునేవాళ్ళం చూడండి, అచ్చం అదే. కాకపోతే సూటూ బూటూ వేసుకుంది. తలకి రాత్రికి ఇంత అని కట్టేస్తే రెండు భోజనాలు, ఒక చిరుతిండి, హోటల్లో వున్నన్నాళ్ళూ కాఫీయో కోలాయో నింపుకునేందుకు ఒక మగ్గు. ఇది చౌకరకం. కౌంటరు దగ్గర మనమే పళ్ళెం మోసుకొచ్చుకుని తినాలి. కుర్చీలో కూర్చోబెట్టి వడ్డించే భోజనం కావాలంటే పైరకం ప్లాను.

ఆ సంవత్సరం చౌకరకం పెద్దవాళ్ళకి రాత్రికి 57 డాలర్ల 1 సెంటు. మూడు నుంచి తొమ్మిదేళ్ళ పిల్లలకి 23 డాలర్ల 83 సెంట్లు. పైరకమైతే పెద్దవాళ్ళకి 94 డాలర్ల 28 సెంట్లు. ఇంకో మెలిక వుంది. గదిలో దిగినవాళ్ళలో మూడేళ్ళు నిండిన ప్రతి ఒక్కరూ తీసుకోవాలి, వున్నన్ని రాత్రులకీ తీసుకోవాలి. "మా అమ్మ పిట్ట తిన్నంత తింటుంది, ఆవిడకి వద్దు" అంటే కుదరదు.

పెద్దవాళ్ళం నలుగురం, పిల్లలిద్దరు. మరిదిగారు కంప్యూటరు మీద గళ్ళు గీసి లెక్క తేల్చారు. రాత్రికి 275 డాలర్ల 70 సెంట్లు, నాలుగు రాత్రులకి 1,102 డాలర్ల 80 సెంట్లు. అమ్మ పక్కగదిలోనే వుంది కనక ఎవరమూ దాన్ని పైకి రూపాయల్లోకి మార్చలేదు. మనలో మాట, తొంభైవేల పైచిలుకే.

"కలిసిరాదు వదినగారూ" అన్నారు మరిదిగారు.

"సెలవుల్లో కూడా పూటపూటా పర్సు తీయడం, ఏది చవకా అని వెతుక్కోవడం నావల్ల కాదు. కట్టేసి హాయిగా వుందాం" అంది చెల్లి.

నవలలు రాసుకునేదాన్ని, ఎవరి పక్షమైనా అవలీలగా తీసుకోగలను. ఆ రాత్రి మరిదిగారి పక్షం తీసుకున్నాను. తర్వాత నాలిక కరుచుకున్నాను కూడా. ఆ కథ చివర చెబుతాను. ముందు, తినని తిండికి డబ్బు కట్టే ఈ ఆచారం ఎక్కణ్ణించి వచ్చిందో చూద్దాం. ఇంటికి తిరిగొచ్చాక నేను పుస్తకాలు తిరగేసింది అందుకే.

పేరు పెట్టి చెప్పుకోదగ్గ మొదటి మనిషి ఇంగ్లండులోని థామస్ కుక్. కొయ్యపని నేర్చుకున్నవాడు, బాప్టిస్టు మత ప్రచారకుడు, మద్యానికి బద్ధశత్రువు. 1841 జూలై 5న మద్యపాన నిషేధ సభ కోసం లెస్టర్ నుంచి లఫ్‌బరోకి తలకి ఒక షిల్లింగు చొప్పున సుమారు 500 మందిని రైల్లో తీసుకెళ్ళాడు. తాగుడు మాన్పించబోయి, జనానికి తిరుగుడు అలవాటు చేశాడు పాపం. ఇరవై ఏళ్ళు దాటాక ఆయన వెంట ఫ్రాన్సూ స్విట్జర్లాండూ ఇటలీ చూసొచ్చేవాళ్ళు వందల్లో తయారయ్యారు. అందులో ఆడవాళ్ళు తక్కువేం కాదు. తోడు లేనిదే గడప దాటకూడదన్న రోజుల్లో కుక్‌గారి బృందం అంటే ఇంట్లోవాళ్ళు ధైర్యంగా పంపేవారు.

అయితే దేశం మారితే నాణెం మారిపోతుంది. భాష రాదు. పొద్దున్నే హోటలువాడు చేతిలో పెట్టే బిల్లు చదవడం రాదు. కొవ్వొత్తికి ఎంత వేశాడో, రొట్టెకి ఎంత వేశాడో! ఈ గుండెదడకి మందుగా 1868లో కుక్ హోటలు కూపన్లు అచ్చువేయించాడు. లండన్లోనే డబ్బు కట్టి కూపన్లు కొనుక్కోవడం, ఒప్పందం వున్న హోటల్లో పడకకీ భోజనానికీ డబ్బు బదులు కూపను ఇవ్వడం. హోటలువాడు వాటిని కుక్ కంపెనీకి పంపి రొక్కం తెప్పించుకునేవాడు. ప్రయాణీకుడికి నిద్ర పట్టింది, హోటలుకి గిరాకీ గ్యారంటీ అయింది. ముగ్గురికీ లాభమే అనుకోండి. కానీ డబ్బు అందరికన్నా ముందు ఎవరి పెట్టెలోకి చేరిందో ఇల్లు నడిపే ఆడవాళ్ళకి నేను వేరే చెప్పాలా?

సముద్రానికి అటుపక్క అమెరికాలో కూపన్ల గొడవ లేకుండానే ఈ పద్ధతి వుండేది. అక్కడి పాతకాలపు హోటళ్ళు గదికీ భోజనాలకీ కలిపి రోజుకింత అని తీసుకునేవి. గంట మోగగానే అందరూ పొడుగుబల్లల ముందు హాజరు. తిన్నవాడికీ తిననివాడికీ ఒకటే రేటు, వేళ తప్పితే ఆ పూట గోవిందా. అక్కడివాళ్ళు తినే వేగం చూసి ఇంగ్లండు నుంచి వెళ్ళిన ఫ్రాన్సెస్ ట్రాలప్ అనే ఆవిడ నిర్ఘాంతపోయి, 1832లో అచ్చయిన తన పుస్తకంలో రాసింది. యాభై దాటాక మొదటి పుస్తకం వేసి గడించిన రచయిత్రి. నాలాంటివాళ్ళకి కొండంత ధైర్యం.

తర్వాత గది వేరు, తిండి వేరు అనే పద్ధతి వచ్చింది. 1855లో బోస్టన్ నగరంలో తెరిచిన పార్కర్ హౌస్ ఆ దారి పట్టిన తొలి హోటళ్ళలో ఒకటి. మొదటిదానికి 'అమెరికన్ ప్లాన్' అనీ, రెండోదానికి 'యూరోపియన్ ప్లాన్' అనీ పేర్లు స్థిరపడ్డాయి. ఇవి మనకి తెలియనివేం కావు. ఊటీకో కాశ్మీరుకో వెళ్ళేముందు హోటలువాళ్ళు పంపే రేట్ల కాగితంలో ఎ.పి., ఎం.ఎ.పి., సి.పి., ఇ.పి. అని వుంటాయి చూడండి. ఎ.పి. అంటే ఆంధ్రప్రదేశ్ కాదు, అమెరికన్ ప్లాన్. మూడు పూటలా భోజనం. ఎం.ఎ.పి. అంటే పొద్దుటి ఫలహారం, ఒక పూట భోజనం. సి.పి. అయితే ఫలహారం ఒక్కటే. ఇ.పి. అంటే మన తిండి మనం చూసుకోవాలి. మొదటిసారి ఆ కాగితం చూసినప్పుడు నేను మనవాళ్ళకేదో ప్రత్యేకమైన రేటు ఇస్తున్నారనుకుని మురిసిపోయాను.

నగరాల్లో క్రమంగా రెండో పద్ధతే నిలిచింది. వీధి దాటితే పది భోజనశాలలు వున్నచోట ముందే ఎవరు కడతారు? అమెరికన్ ప్లాను బతికి బట్టకట్టింది కొండల మీదా, సముద్రపు ఒడ్డునా, బయట తిండి దొరకని విడిది హోటళ్ళలో. ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి. డిస్నీవరల్డు దగ్గర మళ్ళీ దీనితో పని పడుతుంది.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా నచ్చిన కథ.

వందేళ్ళ కిందట ఇంగ్లండులో మామూలు కుటుంబం వారం రోజులు సముద్రతీరానికి వెళ్ళిందంటే ఇల్లాలికి సెలవు అనుకునేరు! బ్లాక్‌పూల్ లాంటి ఊళ్ళలో గదులు అద్దెకిచ్చే ఇంటావిడలు వుండేవారు. చాలాచోట్ల పద్ధతి ఏమిటంటే, ఇల్లాలు పొద్దున్నే సంచీ పట్టుకుని బజారుకి వెళ్ళి సరుకులు తానే కొని తెచ్చి ఇంటావిడకి అప్పగించాలి. ఆవిడ వండి పెడుతుంది. గదికి అద్దె, చాకిరీకి వేరే పద్దు. కొందరైతే ఉప్పూ మిరియాలపొడీ బుడ్లు బల్లమీద పెట్టినందుకు కూడా బిల్లులో ఒక అంకె వేసేవారు. ఊరు మారిందేగాని బజారు సంచీ భుజం దిగలేదు.

బిల్లీ బట్లిన్ అనే కుర్రవాడు వేల్సులో బారీ ద్వీపానికి ఒకసారి సెలవుకి వెళ్ళాడు. ఫలహారం కాగానే అతిథులందర్నీ బయటికి పంపి, మళ్ళీ భోజనాల వేళదాకా తలుపు తీయలేదు ఇంటావిడ. వాన పడుతోంది. తల్లులూ తండ్రులూ పిల్లల్ని చేత్తో పట్టుకుని తడుస్తూ వీధుల్లో తిరగడం ఆ కుర్రవాడు చూశాడు. ఈ జనాన్ని ఒకే కప్పు కింద పెట్టి, తిండీ ఆటా పాటా అన్నీ కలిపి ఒకే ధరకి ఇస్తే ఎలా వుంటుంది అన్న ఆలోచన అప్పుడు పుట్టిందని తర్వాత చెప్పుకున్నాడు.

ఈ బట్లిన్ 1899లో దక్షిణాఫ్రికాలో పుట్టాడు, కొన్నాళ్ళు కెనడాలో పెరిగాడు. ఇంగ్లండు వచ్చి తిరునాళ్ళలో రింగులు విసిరే ఆట నడిపాడు. వస్తువు చుట్టూ రింగు పడితే వస్తువు మీది, లేకపోతే పైసలు వాడివి. మన జాతరల్లోనూ వుంది. అందరూ రింగు పడడం కష్టమయ్యేలా దిమ్మలు పెడితే, బట్లిన్ పడడం సులువయ్యేలా పెట్టాడు. బహుమతులు ఎక్కువ పోయాయి. కానీ గెలిచినవాణ్ణి చూసి జనం విరగబడి, మిగతా అందరికన్నా ఎక్కువ సంపాదించాడు. ఒక్కొక్కరి దగ్గర నష్టపోతే పోనీ, గుంపు మీద లాభం వస్తుంది అన్న సూత్రం ఆ రింగుల దగ్గరే ఒంటబట్టింది. ముందే కట్టించుకునే భోజనాల వ్యాపారం మొత్తం ఈ సూత్రం మీదే నడుస్తుంది.

అలా తిరునాళ్ళ ఆటలనుంచి వినోద పార్కులకి ఎదిగి, 1936 ఏప్రిల్‌లో తూర్పుతీరంలో స్కెగ్నెస్ అనే ఊళ్ళో మొదటి సెలవుల శిబిరం తెరిచాడు. విమానం నడపడంలో పేరుకెక్కిన ఏమీ జాన్సన్ వచ్చి ప్రారంభోత్సవం చేసింది. ధర కాలాన్ని బట్టి వారానికి 35 షిల్లింగుల నుంచి 3 పౌన్ల దాకా. అందులో గది, రోజుకి మూడు పూటలా భోజనం, ఆటలూ పాటలూ అన్నీ కలిసే. వారం జీతానికి వారం సెలవు అన్నది ప్రచారపు మాట. 1938లో జీతంతో కూడిన సెలవుల చట్టం వచ్చింది. ఇక చెప్పాలా?

చదువుకున్నవాళ్ళు ఈ శిబిరాల్ని చూసి నవ్వారు. పొద్దున్నే మైకులో లేపడమేమిటి, బారులు తీరి హాలులో భోజనమేమిటి, ఇదేమన్నా సైన్యమా అన్నారు. యుద్ధం వచ్చాక స్కెగ్నెస్ శిబిరాన్ని నౌకాదళం నిజంగానే తీసుకుంది, అది వేరే సంగతి. కానీ ఆ నవ్విన పెద్దమనుషుల్లో ఎంతమంది రోజుకి మూడు పూటలా పొయ్యి ముందు నిలబడ్డారంట? ఏడాది పొడుగునా వండిన మనిషి ఏడు రోజులపాటు ఇంకొకరు వండింది వేడివేడిగా కూర్చుని తిన్నది. రాత్రిపూట గదుల మధ్య దాదులు తిరిగేవారు. ఫలానా నంబరు గదిలో పాప ఏడుస్తోందని డాన్సు హాల్లోకి కబురు వచ్చేది. అంతదాకా ఆ తల్లి నిశ్చింతగా మొగుడితో డాన్సు చేసుకోవచ్చు. 35 షిల్లింగులకి ఆవిడ కొనుక్కున్నది బంగాళాదుంపలూ మాంసమూ కాదని నా అభిప్రాయం.

ఫ్రెంచివాళ్ళ క్లబ్ మెడ్ సంగతి కూడా ఒక్క ముక్క. బెల్జియం దేశస్తుడు జెరార్ బ్లిట్జ్ 1950లో స్పెయిన్ దేశపు మజోర్కా ద్వీపంలో గుడారాలు వేసి మొదలుపెట్టాడు. తిండి ఎంతయినా తినొచ్చు, అంతా ముందే కట్టినదే. తర్వాత్తర్వాత బారులో పానీయాలకి మాత్రం డబ్బు బదులు మెడలో పూసలదండ. ఒక్కో పూసా తెంపి ఇచ్చుకోవడం! పూస ఇచ్చేటప్పుడు రూపాయి పోతున్న బాధ వుండదు కదా. చేతిలో నోటుని మరిపించడమే ఈ విద్యలో అసలు కిటుకు.

ఆ కిటుకు ఎరిగినవాళ్ళలో వాల్ట్ డిస్నీ కంపెనీని మించినవాళ్ళు లేరు. 1955 జూలై 17న కాలిఫోర్నియాలో డిస్నీలాండు తెరిచినప్పుడు లోపలికి టికెట్టు ఒక డాలరు, తర్వాత ఎక్కిన ఆటకల్లా వేరే చిల్లర. అడుగడుక్కీ జేబులు తడుముకోవడం జనానికి చిరాకేసింది. ఆ అక్టోబరులోనే టికెట్ల పుస్తకం పెట్టారు. ఎనిమిది ఆటలకి రెండున్నర డాలర్లు. అందులో ఎ, బి, సి అని తరగతులు. మర్నాడు సంవత్సరం డి, 1959లో ఇ చేరాయి. ఎ టికెట్టుకి గుర్రపుబండి లాంటివి, ఇ టికెట్టుకి ఒళ్ళు ఝల్లుమనే పెద్ద ఆటలు. ఇ టికెట్లు గంటలో అయిపోయేవి. ఎ టికెట్లు మిగిలిపోయి, మళ్ళీ ఎప్పుడైనా వెళ్తాంలే అని బీరువా సొరుగులో పడివుండేవి. మన సొరుగుల్లో పాత బస్సు పాసులు లేవూ? అమెరికాలో ఎన్ని ఇళ్ళలో ఆ ఎ టికెట్లు పసుపుపచ్చబడిపోయాయో! ప్రతి మిగిలిపోయిన టికెట్టూ కంపెనీకి ఖర్చులేని రాబడే. 1982లో ఆ పుస్తకాలు ఎత్తేసి, రోజుకింత అని ఒకే టికెట్టు పెట్టారు.

ఫ్లోరిడాలోని డిస్నీవరల్డు 1971 అక్టోబరు 1న తెరిచారు. సుమారు 40 చదరపు మైళ్ళ నేల. కాలిఫోర్నియాలో పార్కు గోడ అవతల ఇతరుల హోటళ్ళూ తిండిదుకాణాలూ పుట్టుకొచ్చి సొమ్ము చేసుకున్నాయన్న బాధతో ఇక్కడ ముందే చుట్టూ నేలంతా కొనేశారు. హోటలు వాళ్ళదే, బస్సు వాళ్ళదే, భోజనశాలా వాళ్ళ ఆవరణలోదే. ఇందాక గుర్తుపెట్టుకోమన్నాను చూడండి, వీధి దాటితే తిండి దొరకని విడిది! కొండమీది హోటలునే చదునునేల మీద కట్టారన్నమాట. అమెరికన్ ప్లానుకి ఇంతకన్నా అనువైన చోటు ఏముంటుంది?

ఇప్పటి రూపంలో డైనింగ్ ప్లాను వచ్చింది 2005లో. మొదట్లో పెద్దవాళ్ళకి రోజుకి సుమారు 35 డాలర్లు. కూర్చోబెట్టి వడ్డించే భోజనంలో మొదటి చిరువంటకం, అసలు వంటకం, తీపి, ఆఖరికి వడ్డించినవాళ్ళకిచ్చే టిప్పు కూడా కలిసే వుండేవి. జనం ఎగబడ్డారు. వేసవి చివర రద్దీ లేని రోజుల్లో ప్లాను ఉచితమని కూడా ప్రకటించారు. గది అద్దె మాత్రం తగ్గింపు లేకుండా పూర్తిగా కట్టాలి. ఉచితం అన్నమాట వినగానే ఆ డబ్బు ఇంకే గుమ్మంలోంచి పోతోందో చూడాలని మా నాయనమ్మ అనేది. 2008లో మొదటి వంటకం తీసేశారు, టిప్పు తీసేశారు. 2018లో ఇరవై ఒక్కేళ్ళు దాటినవాళ్ళకి భోజనంతోపాటు ఒక మద్యపానీయం చేర్చారు. 2020 మార్చిలో కోవిడ్ మూలాన పార్కులు మూతపడ్డప్పుడు ప్లాను ఆగిపోయి, దాదాపు నాలుగేళ్ళ తర్వాత 2024 జనవరి 9న మళ్ళీ మొదలైంది. మేం వెళ్ళింది అది తిరిగి వచ్చిన మూడోనెల.

మరిదిగారి లెక్క తప్పేం కాదు. ప్లాను ధర కట్టేటప్పుడు వాళ్ళు మనసులో పెట్టుకునే అతిథి మాంసం తింటాడు, పక్కన ఒక బీరో వైనో తాగుతాడు, పెద్ద పళ్ళెం ఖాళీ చేసి కేకు తింటాడు. వాడికి కలిసొస్తుంది. శాకాహారి ఏం తింటుంది? జున్ను పిజ్జా, బీన్సు వేసిన అన్నం, వేయించిన ఆలుగడ్డ ముక్కలు. అన్నీ ధరల పట్టికలో కిందివరసవే. మద్యం సంగతి సరేసరి. తెలుగింటి అమ్మ ప్లాను తీసుకుంటే పక్కబల్ల మీది దొరగారి మాంసానికీ సారాకీ తన వంతు చందా కడుతున్నట్టే. పైగా వాడుకోని భోజనాలు గది ఖాళీచేసే రోజు అర్ధరాత్రితో మురిగిపోతాయి. ఆ మగ్గు వుందే, అది హోటల్లోనే పనిచేస్తుంది, పొద్దస్తమానం తిరిగే పార్కుల్లో పనికిరాదు. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. ఆ పార్కుల్లోకి మన తిండి మనం పట్టుకెళ్ళొచ్చు. గాజు సీసాలూ మద్యమూ మాత్రం కూడదు. కౌంటర్ల దగ్గర అడిగితే చల్లని మంచినీళ్ళు గ్లాసుతో ఊరికే ఇస్తారు. పిల్లలు ఎక్కువగా తినేవాళ్ళయితే, పెద్దవాళ్ళు తినీ తాగే అలవాటున్నవాళ్ళయితే లెక్క అటువైపు మొగ్గుతుంది. మాలాంటి ఇంటికి మొగ్గదు.

ప్లాను తీసుకోలేదు. అమ్మ పెద్ద డబ్బానిండా పులిహోర కలిపింది.

మొదటిరోజు పులిహోరతో గడిచిపోయింది. రెండోరోజు మధ్యాహ్నం ఒక కౌంటరు ముందు నిలబడ్డాం. పైన పట్టిక మీద అంకెలు. అమ్మ కళ్ళజోడు సవరించుకుని చూసింది. పెదాలు కదులుతున్నాయి. లెక్క. ఒక్క గిన్నెడు అన్నం పదమూడు డాలర్లంటే ఎంతో ఆవిడ నోటితోనే హెచ్చవేసింది.

"నాకు ఆకలిగా లేదే" అంది.

"కాస్త తినమ్మా."

"పొద్దున రొట్టె తిన్నాగా. మీరు కానివ్వండి."

మూడుసార్లు అడిగి వూరుకున్నాం. పొద్దున షుగరు మాత్ర వేసుకుందన్న సంగతి నాకు తట్టలేదు. నాలుగు గంటలవేళ ఎండలో బెంచీమీద కూర్చున్న మనిషి చేతులు వణికి, నుదురంతా చెమటలు పట్టేసరికి నా ప్రాణాలు పైనే పోయాయి. చిన్నవాడి చేతిలో వున్న పళ్ళరసం లాక్కుని తాగించాను. పావుగంటలో తేరుకుంది. తేరుకుని మొదట అడిగిన మాట, "ఆ రసం ఎంతే?"

ఆ రాత్రి పిల్లలు పడుకున్నాక చెల్లి మరిదిగారి వంక చూసింది. ఏమీ అనలేదు. ఆయనా ఏమీ అనలేదు. కంప్యూటరు మూసేశారు.

మర్నాడు పొద్దున చెల్లి అమ్మ మంచంమీద కూర్చుని అబద్ధం చెప్పింది. "అమ్మా, నీకు చెప్పడం మర్చిపోయాను. ఇవాళ్టినుంచి మనందరికీ భోజనాలకి డబ్బు కట్టేశాం. తిన్నా తినకపోయినా ఆ డబ్బు వెనక్కి రాదు."

"అయ్యో, అంతా కట్టేశారా?"

"కట్టేశాం."

ఇందులో సులువేమిటంటే, అక్కడ హోటల్లో దిగినవాళ్ళు కొనుక్కుని చేతికి కట్టుకునే పట్టీ ఒకటి వుంటుంది. ప్లాను వున్నవాళ్ళూ దాన్నే మిషనుకి తాకిస్తారు, లేనివాళ్ళూ దాన్నే తాకిస్తారు. లేనివాళ్ళ ఖర్చు గది ఖాతాలో పడుతుంది. చూసేవాళ్ళకి తేడా తెలియదు. కౌంటరు భోజనమైతే ఫోనులోనే ఆర్డరు పెట్టేసుకోవచ్చు, ధరల పట్టిక ముందు నిలబడక్కర్లేదు. కుక్ కూపనూ, క్లబ్ మెడ్ పూసలూ, ఈ పట్టీ అన్నీ ఒక్క చెట్టు కొమ్మలే.

ఇక చూడండి మా అమ్మని! బీన్సు అన్నం గిన్నె పూర్తిగా తింది. మనవరాలు ఆలుగడ్డ ముక్కలు వదిలేస్తే, "డబ్బు కట్టిన తిండి, పారేస్తావుటే?" అని కోప్పడి తనే తింది. అనాసపండు ఐస్‌క్రీము ఇప్పిస్తే, షుగరని మేం వారిస్తున్నా సగం లాగించి, "ఇదీ కట్టేసిందేనా?" అంది. ఆ సాయంత్రం జిరాఫీలు కనిపించే సనా అనే భోజనశాలకి వెళ్ళాం. మన నాన్ రొట్టెలూ రకరకాల చట్నీలూ దొరుకుతాయక్కడ. అమ్మ తృప్తిగా తిని ఆవలిస్తుండగా వడ్డించిన అమ్మాయి తోలు అట్టలో బిల్లు తెచ్చి పెట్టింది. నా గుండె ఆగింది.

"అదేమిటే?" అంది అమ్మ.

"తిన్నామని సంతకం పెట్టాలమ్మా" అంది చెల్లి, తడుముకోకుండా. మా ఇంట్లో నవలలు రాయవలసింది అదే.

మనస్తత్వ శాస్త్రజ్ఞులు దీన్ని పరీక్షించి చూశారట. ప్రెలెక్, లోవెన్‌స్టైన్ అనే ఇద్దరు 1998లో ఒక వ్యాసం రాశారు. బట్టలుతికే మిషను కొంటే తర్వాత వాయిదాల్లో కట్టడం మేలనుకునే జనమే, విహారయాత్రకి మాత్రం ముందే కట్టేయడం మేలనుకున్నారని తేలింది. డబ్బు కట్టే నొప్పి ముందే పడేస్తే తర్వాత సుఖంలో ముల్లు గుచ్చుకోదని వాళ్ళ వివరణ. స్కెగ్నెస్‌లో 35 షిల్లింగులు కట్టిన ఇల్లాలిని అడిగినా ఇదే చెప్పేదేమో.

మిగిలిన రోజుల తిండి ఖర్చు మరిదిగారు గళ్ళలో ఎక్కించారో లేదో నేను అడగలేదు. ఆఖరి రోజు హోటలు ముందు బస్సుకోసం నిలబడ్డాం.

"ఇంకా ఏమైనా మిగిలాయటే భోజనాలు?" అడిగింది అమ్మ.

చెల్లి ఒక్క క్షణం ఆలోచించి, "ఒకటి రెండు మిగిలాయమ్మా" అంది.

"అయితే మనల్ని రోజూ తిప్పిన ఆ డ్రైవరుకి ఒక కాఫీ ఇప్పించు. ఎలాగూ మురిగిపోయేదేగా."

చెల్లి వెళ్ళి కాఫీ తెచ్చింది. అమ్మ తనే రెండు చేతులా పట్టుకెళ్ళి ఇచ్చింది. ఆయన ఏదో అన్నాడు, ఈవిడ తెలుగులో ఏదో అంది.

ఇంటికొచ్చాక ఎదురింటావిడ పిండివంటల పళ్ళెంతో పలకరించడానికి వచ్చింది. ఆమెరికాలో తిండికి ఇబ్బంది పడలేదు కదా పిన్నిగారూ అని అడిగింది. అమ్మ నిట్టూర్చింది.

"మాకేం ఇబ్బందమ్మా, శుభ్రంగా తిన్నాం. పాపం ఆ హోటలువాళ్ళే నష్టపోయి వుంటారు."